కరాచీ ఆర్టిస్టుతో కలిసి డిజిటల్ కామిక్ చేయొచ్చా? ఎలా మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఖమ్మంలో డిగ్రీ చదువుతూ రెండేళ్లుగా పెన్ ట్యాబ్లెట్ మీద బొమ్మలు వేస్తున్నారు. ఒక డ్రాయింగ్ చాలెంజ్‌లో కరాచీ అమ్మాయి ఒకరు పరిచయమయ్యారు. ఇద్దరూ కలిసి ఎనిమిది పేజీల కామిక్ చేద్దామనుకున్నారు. ఇంట్లో నాన్నగారు వద్దంటున్నారు. చేయొచ్చా, ఎలా మొదలుపెట్టాలి, అసలు ఇలాంటివి మనుషుల్ని కలుపుతాయా లేక నాలుగు లైకులతో పోతుందా?

నా జవాబు: చేయండి. కానీ ఎనిమిది పేజీలతో కాదు, ఒక్క పేజీతో మొదలుపెట్టండి. మీ ఇద్దరి మధ్య డబ్బు తిరగనివ్వొద్దు. పూర్తయిన బొమ్మలు కాకుండా లేయర్లున్న (ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లాంటివి, దేనికది విడిగా గీయొచ్చు, దాచొచ్చు) అసలు ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోండి. ఈ మూడింట్లో మూడోదే ముఖ్యం. మీ చివరి ప్రశ్నకు జవాబు కూడా దాన్లోనే ఉంది కాబట్టి ముందు దాని గురించే రాస్తాను.

నేను విజయవాడలో ఉంటాను. పద్దెనిమిదేళ్లుగా పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడమే నా పని. అందులో సుమారు పదేళ్లుగా బయటి దేశాల వాళ్లతో కలిసి గీస్తున్నాను. కరాచీ, ఇరాన్‌లోని ఇస్ఫహాన్, ఢాకా... కొన్ని బాగా సాగాయి, కొన్ని మధ్యలో ఆగిపోయాయి. ఎందుకు సాగాయో, ఎందుకు ఆగాయో ఇప్పుడు కొంత అర్థమైంది.

లేయర్ల ఫైలు ఎందుకంటే

మామూలుగా మనం ఏం చేస్తాం? బొమ్మ పూర్తి చేసి, జేపీజీగా మార్చి పెడతాం. అవతలివాళ్లు గుండె గుర్తు కొడతారు. మనమూ వాళ్ల బొమ్మ కింద 'సూపర్' అని రాస్తాం. ఏళ్ల తరబడి ఇలాగే నడుస్తుంది, ఒకరి గురించి ఒకరికి ఒక్క ముక్క తెలియదు. పూర్తయిన బొమ్మలో చెరిపేసిన గీతలు ఉండవు. ఆ మనిషి ఎక్కడ తడబడ్డారో, దేన్ని మూడుసార్లు మార్చి గీశారో అందులో కనబడదు.

కరాచీ ఆర్టిస్టుతో నేను చేసిన మొదటి పేజీ ఒక వంటిల్లు. అమ్మమ్మ కత్తిపీట ముందేసుకుని వంకాయలు తరుగుతుంటుంది, మనవరాలు పక్కన కూర్చుని ఉంటుంది. పెన్సిల్ స్కెచ్ నాది, ఇంకింగ్ (స్కెచ్ మీద సిరా గీతలు వేయడం) ఆవిడది. నాలుగు రోజుల తర్వాత ఫైలు తిరిగొచ్చింది. పైకి కనబడే లేయర్లు ఆరు. లేయర్‌ను చూపించే కన్ను గుర్తు ఆపేసి దాచినవి పద్నాలుగు. ఒక్కోటీ ఆన్ చేసి చూశాను. అన్నింట్లోనూ కత్తిపీటే. ఒకదాంట్లో కత్తి అంచు మనిషికి అటువైపు తిరిగి ఉంది. ఇంకోదాంట్లో అమ్మమ్మ వంకాయను పైకెత్తి కత్తి మీద కొడుతోంది, కొబ్బరికాయ కొట్టినట్టు. మరోదాంట్లో రెండు కాళ్లూ పీట మీదకి ఎక్కించి గొంతుకు కూర్చుంది. పద్నాలుగో దాంట్లో బొమ్మే లేదు. ఎర్ర రంగుతో ఇంగ్లీషులో ఒక ప్రశ్న రాసి ఉంది: కదిలేది చెయ్యా, కత్తా?

మా అమ్మను కత్తిపీట ముందు కూర్చోబెట్టి ఇరవై సెకన్ల వీడియో తీశాను. కుడికాలితో పీటను తొక్కిపట్టి, కాయను రెండు చేతులతో పట్టుకుని అంచుకేసి తోస్తే గుత్తి వంకాయకు నాలుగు గాట్లు ఎలా పడతాయో అందులో ఉంది. పంపిన అరగంటకు వాయిస్ నోట్ వచ్చింది. వాళ్ల అమ్మమ్మది హైదరాబాదట. 1948 తర్వాత అటు వెళ్లిన కుటుంబాలు చాలా ఉన్నాయి కదా, కరాచీలో 'హైదరాబాద్ కాలనీ' అని ఒక పేటే ఉంది. వాళ్లింట్లో ఇప్పటికీ బగారా బైంగన్ చింతపండు పులుసుతోనే చేస్తారట. నేను బదులుగా పంపిన వాయిస్ నోట్‌లో, నా వచ్చీరాని హిందీలో మాటల మధ్య 'నక్కో' (హైదరాబాదీ మాటల్లో 'వద్దు') అన్నాను. మా నానీ అచ్చం ఇలాగే అనేది అని ఆవిడ ఆ వాయిస్ నోట్‌ని వాళ్లమ్మకు వినిపించింది.

కత్తి అంచు ఎటు తిరిగి ఉండాలి అన్న ఒక్క ప్రశ్నతో ఇదంతా బయటికొచ్చింది. నేను పూర్తి బొమ్మ పంపి ఉంటే 'బ్యూటిఫుల్' అని ఒక్క మాట వచ్చి ఉండేది.

పోలిక కోసం ఇంకొకటి చెబుతాను. ఒకసారి ఐదు దేశాల నుంచి పదకొండు మందిమి 'వాన' అన్న అంశం మీద బొమ్మలు వేశాం. అందరూ పూర్తయిన బొమ్మలు ఒక ఫోల్డర్‌లో వేశారు, ఎవరో వాటిని అందంగా ఒక పేజీగా పేర్చారు. ఢాకా నుంచి ఒకాయన వేసిన పడవ బొమ్మ నాకింకా కళ్లకు కట్టినట్టు ఉంది. ఆయనతో మాత్రం నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. తప్పు ఎవరిదీ కాదు, కలిసి చేయాల్సిన పనే లేదు అక్కడ.

రైళ్లు ఆగిపోయిన ఏడాది ఫైళ్లు వెళ్లాయి

మీ ఆలోచన కొత్తదేమీ కాదని మీ నాన్నగారికి చెప్పండి. ముంబయికి చెందిన శిల్పా గుప్తా, పాకిస్తాన్‌కు చెందిన హుమా ముల్జీ అనే ఇద్దరు కళాకారిణులు 2000లో 'ఆర్ పార్' అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. 2002లో దాని రెండో విడత జరిగింది. ఆ ఏడాది పరిస్థితి గుర్తుందా? పార్లమెంటు మీద దాడి తర్వాత సరిహద్దులో రెండు సైన్యాలూ ఎదురెదురుగా మోహరించి ఉన్నాయి. సంఝౌతా ఎక్స్‌ప్రెస్ ఆగింది, లాహోర్ బస్సు ఆగింది, విమానాలు ఆగాయి. ఆ సమయంలో కళాకారులు తమ బొమ్మల్ని ఈమెయిల్‌లో పంపుకున్నారు. అటు బొమ్మ ఇటు, ఇటు బొమ్మ అటు ప్రింటు తీసి రెండు నగరాల వీధుల్లో జనానికి చేర్చారు.

ఆ పద్ధతిలోని కిటుకు చూడండి. కాగితం సరిహద్దు దాటలేదు. ఫైలు దాటింది, ఎక్కడికక్కడే కాగితం మీదికి ఎక్కింది. 2025 మే మొదట్లో మన ప్రభుత్వం పాకిస్తాన్ నుంచి దిగుమతులన్నీ ఆపేసింది, అక్కణ్నుంచి వచ్చే ఉత్తరాలు, పార్సిళ్లూ ఆపేసింది. అప్పుడు మా కత్తిపీట పేజీ ప్రింటు కరాచీ ఆర్టిస్టుకు పంపాలనుకున్నాను, ఆవిడా సంతకం పెట్టిన కాపీ నాకు పంపాలనుకుంది. కుదరదని తేలాక అదే ఫైలు ఆవిడ అక్కడ, నేను ఇక్కడ ప్రింటు తీసుకున్నాం. నా దగ్గరున్న కాపీలో నలుపు కొంచెం గోధుమరంగు కొడుతుంది, వాళ్లది నీలం కొడుతుందట. అవి రెండూ పక్కపక్కన పెట్టి చూసే రోజు కోసం ఎదురుచూస్తున్నాను.

ఏ సాఫ్ట్‌వేర్‌లో చేయాలి

ఇద్దరి దగ్గరా ఉండేది, ఎవరూ ఆపేయలేనిది ఎంచుకోండి. నేను బొమ్మలు గీసే క్రిటా చెబుతాను. ఉచితం, ఓపెన్ సోర్స్ (దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది), మామూలు కంప్యూటర్ మీద నడుస్తుంది. దాన్ని చేసేవాళ్లు కూడా ఒక దేశం వాళ్లు కాదు. క్రిటాకు గుర్తుగా కనబడే కికీ అనే ఉడుత బొమ్మ వేసింది చైనా ఆర్టిస్టు టైసన్ టాన్. అందులో మనం వాడే బ్రష్షుల్లో చాలా వాటిని తయారుచేసింది ఫ్రాన్స్‌కు చెందిన డేవిడ్ రెవాయ్. ఆయన 2014 నుంచి వేస్తున్న వెబ్ కామిక్ పెప్పర్ అండ్ క్యారట్‌కు లేయర్లున్న క్రిటా ఫైళ్లు కూడా అందరికీ ఇచ్చేస్తారు. వలంటీర్లు వాటిని డజన్ల కొద్దీ భాషల్లోకి మార్చుకున్నారు. ఒక ఫైలు దింపుకుని లేయర్లు ఒక్కొక్కటిగా విప్పి చూడండి, ఒక కోర్సుతో సమానం.

త్రీడీ వైపు వెళ్తే బ్లెండర్, అదీ ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే. 2025లో యానిమేషన్ ఫీచర్ విభాగంలో ఆస్కార్ గెలిచిన 'ఫ్లో' లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ తీసింది. లాత్వియా, ఫ్రాన్స్, బెల్జియం కలిసి బ్లెండర్‌లో చేసిన సినిమా. అందులో మాటలు లేవు. మాటల సంగతి కింద మళ్లీ వస్తుంది.

ఓపెన్ సోర్స్ అని ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్ ఎంత బాగున్నా ఆ కంపెనీ ఏదో ఒక దేశంలో ఉంటుంది, ఆ దేశ ప్రభుత్వం చెబితే వినాల్సిందే. 2019 అక్టోబర్‌లో అమెరికా ఆంక్షల కారణంగా వెనెజువెలాలో ఖాతాలన్నీ ఆపేస్తున్నామని ఫొటోషాప్ తయారుచేసే అడోబి ప్రకటించింది. ఆ నెల చివరికి అనుమతి తెచ్చుకుని నిర్ణయం వెనక్కి తీసుకుంది. ఆ మధ్య రోజుల్లో అక్కడి డిజైనర్ల పరిస్థితి ఊహించండి. అదే ఏడాది జులైలో సాఫ్ట్‌వేర్ కోడ్ దాచుకునే, పంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్ ఇరాన్, సిరియా, క్రిమియాల్లోని వాళ్ల ఖాతాలకు ఆంక్షలు పెట్టింది. ఇరాన్ వరకు 2021 జనవరిలో సడలింపు వచ్చింది. ఆ కళాకారులు చేసిన నేరమేమీ లేదు. పుట్టిన చోటు అది, అంతే.

ఇది నాకు దగ్గరగా తెలిసింది ఇస్ఫహాన్ ఆర్టిస్టు వల్ల. మచిలీపట్నం కలంకారీకి ఇరాన్‌తో ఎంత బంధం ఉందో మీకు తెలిసే ఉంటుంది. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు రేవు నుంచి పర్షియాకు బట్ట వెళ్లేది, అక్కడి అభిరుచికి తగ్గ పూలతీగలు ఇక్కడ అద్దేవారు. కలంకారీ అన్న పేరే పర్షియన్. ఇస్ఫహాన్‌లో ఇప్పటికీ చెక్క అచ్చులతో బట్ట మీద అద్దుతారు, దాన్ని గలంకార్ అంటారు. మచిలీపట్నం పక్కనున్న పెడనలో టేకు అచ్చులతో అద్దినట్టే. పెడన అచ్చు ఒకటి, ఇస్ఫహాన్ అచ్చు ఒకటి తీసుకుని రెండూ కలిసే డిజిటల్ ప్యాటర్న్ చేద్దామనుకున్నాం. క్రిటాలో డబ్ల్యూ నొక్కితే కాన్వాసు నాలుగు వైపులా అదే బొమ్మ మళ్లీ మళ్లీ కనబడుతుంది, అంచు దగ్గర గీత కలిసిందో లేదో వెంటనే తెలిసిపోతుంది. ఆవిడ పైన కుడి అంచు నుంచి తీగ మొదలుపెట్టేది, నేను కింద ఎడమ అంచు నుంచి. పెడనలో అచ్చు వేసే మనిషి అంచుకు అంచు ఆనించి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతాడు చూడండి, ఇక్కడ ఆ గుద్దు లేదు గానీ కన్ను పెట్టే చోటు మాత్రం అదే, ఆ అతుకు దగ్గరే.

2019 నవంబర్‌లో పని మధ్యలో ఉండగా ఇరాన్‌లో నిరసనలు మొదలయ్యాయి, దేశమంతా ఇంటర్నెట్ దాదాపు పూర్తిగా ఆపేశారు. వారం రోజులు ఒక్క మెసేజ్ లేదు. ఆవిడ బాగానే ఉందా లేదా అన్నది కూడా తెలియదు. ఏ రోజు ఫైలు ఆ రోజు మార్చుకుంటున్నాం కాబట్టి చివరి తీగ దాకా నా డిస్క్‌లో ఉంది. రోజూ రాత్రి ఆ ఫైలు తెరిచి నా సగం పూర్తి చేస్తూ కూర్చున్నాను. నెట్ తిరిగొచ్చాక ఆవిడ మొదట అడిగింది, 'ఫైలు నీ దగ్గర ఉందా?' అని. అందుకే చెబుతున్నాను: ఇద్దరి దగ్గరా పూర్తి కాపీ ఎప్పుడూ ఉండాలి. క్లౌడ్‌లో మాత్రమే ఉన్న ఫైలు మీది కాదు.

సాంకేతికంగా కొన్ని:

- ఏ4 సైజు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 2480 × 3508 పిక్సెళ్లు. కలర్ ప్రొఫైల్ (రంగుల కొలమానం) ఇద్దరిదీ ఎస్ఆర్‌జీబీ. ముందే మాట్లాడుకోకపోతే చర్మం రంగులు అటు ఒకలా, ఇటు ఒకలా వస్తాయి.
- క్రిటా ఫైలును పీఎస్‌డీగా (ఫొటోషాప్ ఫైలుగా) మార్చినప్పుడు అన్నీ యథాతథంగా వెళ్లవు. ఇద్దరూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఉంటే ఈ తలనొప్పి ఉండదు.
- అవతలివాళ్ల లేయర్ మీద గీయొద్దు. దాని కాపీ తీసుకుని గీయండి. ఇది మర్యాద కూడా.
- దాచిన లేయర్లు పంపే ముందు చెరిపేయకండి. ఫైలు బరువెక్కుతుంది, నిజమే. మా వంటింటి పేజీ 180 ఎంబీ దాటింది. మొబైల్ డేటా మీద బతికేవాళ్లయితే వారానికోసారి పూర్తి ఫైలు, మధ్యలో చిన్న జేపీజీలు పంపుకోండి.

రెండు లిపులు, రెండు దిక్కులు

మీరు కామిక్ అన్నారు కాబట్టి ఇది మీకు మొదటి రోజే ఎదురవుతుంది. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం, ఉర్దూవాళ్లు కుడి నుంచి ఎడమకు. పేజీలో ప్యానెళ్లు (కామిక్ బొమ్మల గళ్లు) ఏ వరసలో పేర్చాలి? బొమ్మను అద్దంలోలా తిప్పేస్తే సరిపోతుందని మొదట్లో అనుకున్నాం. తిప్పగానే అమ్మమ్మ ఎడమచేతి వాటం మనిషైపోయింది, మనవరాలు ఎడమచేత్తో అన్నం తింటోంది. మా ఇంట్లోనూ వాళ్లింట్లోనూ కూడా అది కుదరదు!

చివరికి నిలువు వరస పట్టుకున్నాం. ఫోన్‌లో పైనుంచి కిందకు జరుపుకుంటూ చదివే పద్ధతి. ఒక్కో వరసకు ఒక్క ప్యానెల్. రెండు లిపులూ పైనుంచి కిందకే దిగుతాయి కదా. ప్యానెల్ లోపల ఎవరు ముందు మాట్లాడితే వాళ్ల బుడగ కొంచెం పైన పెడితే చాలు, కుడా ఎడమా అన్న గొడవ లేదు.

మాటలు రాసే బుడగలు వేరే లేయర్ గ్రూపులో, రెండు సెట్లుగా పెట్టుకోండి. బుడగ మీ అంచనా కన్నా ఒక మూడో వంతు పెద్దగా గీయండి. తెలుగుకు కింద వత్తులు వేలాడతాయి, 'రాష్ట్ర' లాంటి మాట రెండు వరసల చోటు తింటుంది. ఉర్దూ రాసే నస్తలీఖ్ శైలి ఏటవాలుగా పైనుంచి జారుతూ వస్తుంది, దానికీ ఎత్తు కావాలి. ఇంగ్లీషు కామిక్కుల బుడగలు చూసి కొలత పెట్టుకుంటే రెండు భాషలూ ఇరుక్కుపోతాయి. తెలుగు, యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలో టైప్ చేయొద్దు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గీతలుగా కనబడుతుంది. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితం. మీ కరాచీ స్నేహితురాలికి నోటో నస్తలీఖ్ ఉర్దూ ఫాంటు ఉంది. ఫాంటు ఫైళ్లు కూడా ఫోల్డర్‌లో పెట్టి పంపుకోండి.

ఉర్దూ అక్షరాల విషయంలో నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. నస్తలీఖ్‌ను అచ్చులోకి తేవడం చాలాకాలం ఎవరివల్లా కాలేదు, పత్రికలు చేత్తో రాయించుకునేవి. పాకిస్తాన్‌కు చెందిన అహ్మద్ మీర్జా జమీల్ వేల అక్షరాల కూర్పులు గీసి నూరీ నస్తలీఖ్ తయారుచేశారు, 1981లో 'జంగ్' పత్రిక దాన్ని వాడడం మొదలుపెట్టింది. ఆ అక్షరాలను మామూలు డీటీపీ ఆపరేటర్ల కంప్యూటర్లోకి తెచ్చిన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ 1994లో వచ్చింది, చేసింది మన భారతదేశపు కంపెనీ. ఇప్పుడు లాహోర్‌లోనూ, హైదరాబాద్ పాతబస్తీ డీటీపీ సెంటర్లలోనూ పెళ్లి కార్డులు దాంట్లోనే తయారవుతాయి. అక్షరం వాళ్లు గీశారు, యంత్రం మనం కట్టాం. మీ ఇద్దరూ చేయబోయేది ఈ వరసలోదే.

డబ్బు సంగతి

ఇక్కడ నేను దెబ్బతిన్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మూడో దేశపు ప్రచురణకర్త ఒకరు నేనూ కరాచీ ఆర్టిస్టూ చేసిన పేజీలను సంకలనంలో వేసుకుని, సులువని మొత్తం పారితోషికం నాకే పంపారు, ఆవిడ వాటా నన్ను పంపేయమన్నారు. పేపాల్ పాకిస్తాన్‌లో లేదు. మా బ్యాంకు బ్రాంచిలో ఆ దేశం పేరు వినగానే కాగితం పక్కన పెట్టేశారు. నాలుగు నెలలు గడిచాయి. ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు, కానీ మెసేజ్‌లు చిన్నవైపోయాయి. చివరికి ఆవిడ వాటా ప్రచురణకర్తకే వెనక్కి పంపి, వాళ్లచేత పేయోనీర్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల సేవ ద్వారా నేరుగా ఆవిడకు వేయించాను. స్నేహం నిలబడింది గానీ ఆ నాలుగు నెలలు నాకు నిద్ర సరిగా పట్టలేదు.

కాబట్టి ఆదాయం ఆశించని పనితోనే మొదలుపెట్టండి. ఎప్పుడైనా డబ్బు వస్తే ఎవరి ఒప్పందం వాళ్లది, ఎవరి చెల్లింపు వాళ్ల దేశంలోకి వాళ్లకే. బయటి నుంచి మీకు వచ్చేదానికి బ్యాంకు నుంచి రెమిటెన్సు పత్రం (విదేశాల నుంచి డబ్బు వచ్చిందని చెప్పే కాగితం) తీసి దాచుకోండి, పన్ను లెక్కకు ఆడిటర్‌ను కలవండి.

ఒప్పందం అంటే భయపడకండి, ఒక ఈమెయిల్ చాలు. బొమ్మ ఇద్దరిదీ, ఎక్కడ పెట్టినా ఇద్దరి పేర్లూ ఉండాలి, అమ్మాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి, ఒకరు మధ్యలో ఆపేస్తే రెండోవాళ్లు ఏం చేయొచ్చు. ఈ నాలుగు ముక్కలు రాసి ఇద్దరూ 'ఓకే' అనండి. లేయర్ల ఫైలు ఇస్తే దొంగిలిస్తారేమో అని మీకు అనిపించవచ్చు. అందుకే ఒక్క పేజీ అన్నాను.

నాన్నగారి భయం

ఆయన భయం అర్థం లేనిది కాదు. మెసేజ్‌లతో స్నేహం చేసి సమాచారం లాగిన కేసులు పేపర్లో వస్తూనే ఉంటాయి. నేను పాటించే నియమాలు ఆయనకు చదివి వినిపించండి.

మొదటి వారంలోనే వీడియో కాల్‌లో మాట్లాడండి, ఇద్దరి ఇళ్లల్లో పెద్దవాళ్లు కూడా కనబడేలా. ఎదుటివాళ్లు కెమెరా ముందుకు రానంటే అక్కడితో ఆపేయండి. రిఫరెన్సు కోసం రైల్వే స్టేషన్, వంతెన, నీటి ప్రాజెక్టు, కంటోన్మెంట్ ఫొటోలు ఎవరడిగినా పంపొద్దు. మీరూ అడగొద్దు. వంటింటి ఫొటో, చెట్టు ఫొటో అయినా లొకేషన్ సమాచారం తీసేసి పంపండి. మీ ఇంట్లో ఎవరైనా సైన్యంలోనో, రక్షణ సంస్థల్లోనో పనిచేస్తుంటే ఈ ప్రాజెక్టు వద్దు, వేరే దేశం వాళ్లతో చేయండి. వాళ్ల ఉద్యోగం కన్నా మన కామిక్ ఎక్కువ కాదు.

దేశ పటం గీయకండి. సర్వే ఆఫ్ ఇండియా పటానికి భిన్నంగా ఉన్న భారతదేశ పటం ప్రచురిస్తే 1961 నాటి చట్టం కింద ఆరు నెలల దాకా జైలు శిక్ష పడవచ్చు. వాళ్ల పటం గురించి వాళ్లకూ అంతే పట్టింపు. మా రెండో పేజీలో ఒక తరగతి గది ఉంది. గోడ మీద అలవాటుగా పటం వేసేశాను. ఆవిడ దాని మీద చిన్న ప్రశ్నార్థకం పెట్టి పంపింది. ఇద్దరం ఒప్పుకోగల పటం లేదు. అది చెరిపేసి ఆ చోట కూరగాయల చార్టు వేశాం. బెండకాయ కింద నేను తెలుగులో రాశాను, ఆవిడ ఉర్దూలో 'భిండీ' అని రాసింది.

ఇంకో మాట. పరిస్థితులు వేడెక్కినప్పుడు పోస్టులు పెట్టొద్దు. 2025 మేలో పాకిస్తానీ నటీనటుల ఇన్‌స్టా ఖాతాలు మన దగ్గర కనబడకుండా పోయాయి, రెండు వైపులా కామెంట్లలో నిప్పులు కురిశాయి. మా పాత బొమ్మ కిందికి కూడా కొందరు వచ్చి నన్ను దేశద్రోహి అన్నారు, అక్కడివాళ్లు ఆవిడను అదే మాట అన్నారు. మేం పెట్టడం ఆపాం, గీయడం ఆపలేదు. ఆ రోజుల్లో ఆవిడ పంపిన ఫైళ్లలో కొత్త గీతలు పెద్దగా లేవు. ఒక లేయర్‌కు మాత్రం పేరు మార్చింది, ఇంగ్లీషులో 'మీ ఇంట్లో అందరూ క్షేమమేనా' అని. నేను ఆ కింద ఇంకో లేయర్ చేర్చి 'క్షేమం, మీరు?' అని పేరు పెట్టి తిప్పి పంపాను.

ఇవి మనుషుల్ని కలుపుతాయా అని అడిగారు. ప్రభుత్వాలను కలపవు, కామెంట్లు రాసేవాళ్లనూ మార్చవు. మా కుటుంబంలోనే ఒకరు నా మీద కోపంతో ఏడాది మాట్లాడలేదు. కానీ కరాచీ అని వినగానే ఇప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఆ పద్నాలుగు లేయర్లు. మా అమ్మకు కూడా అంతే. వంకాయలు కోస్తూ 'ఆ అమ్మాయికి కత్తిపీట గీయడం వచ్చిందా' అని ఇప్పటికీ అడుగుతుంది.

ఇక ఈ వారం చేయాల్సింది. కథ రాయొద్దు. ఇద్దరి ఇళ్లల్లోనూ ఉండే ఒక వస్తువు అనుకోండి. చీపురు, బిందె, రోలు, ఏదైనా. పేజీలో ఒకదాని కింద ఒకటిగా మూడు ప్యానెళ్లు గీయండి. మొదటిది మీరు పూర్తి చేయండి, మూడోది ఖాళీగా వదిలేయండి, మధ్యదానికి పెన్సిల్ స్కెచ్ మాత్రం వేసి అన్ని లేయర్లతో పంపండి. కరాచీ మనకన్నా అరగంట వెనక. మన రాత్రి తొమ్మిదిన్నర, వాళ్ల తొమ్మిది. ఇద్దరికీ భోజనాలు అయిపోయి ఉంటాయి, మాట్లాడుకోవడానికి అది మంచి వేళ. ఫైలు తిరిగొచ్చాక ముందు దాచిన లేయర్లు తెరిచి చూడండి. వాటిలో ఏం కనబడిందో ఇక్కడ రాయండి, రెండో పేజీ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.